లక్షలు పెట్టి గిటార్ కొనాలా వద్దా: అనంతపురం ఎండలో తేల్చుకునే పద్ధతి

రెండు లక్షల గిటార్ కొందామనుకుంటున్నానని చెప్పినప్పుడు మా నాయన పేపర్ పక్కన పెట్టి కాసేపు నా మొహం చూశాడు. "ఆ దుడ్డుతో బోరేపిచ్చుకోవచ్చు కదరా" అన్నాడు. మా జిల్లాలో ఏ ఖర్చునైనా బోరుతోనే కొలుస్తారు. అప్పుడు నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆయన పోలికలో తప్పేం లేదు. బోరైనా గిటారైనా డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సింది నీళ్ల సంగతే. బోరుకు భూమిలో, గిటార్‌కు గాలిలో.

మార్టిన్, టేలర్, గిబ్సన్ లాంటి కంపెనీల ఖరీదైన అకూస్టిక్ గిటార్ (కరెంటు లేకుండా చెక్క పెట్టెతోనే మోగేది) మీద మనసు పడి, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న మన సీమవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ మోడల్ కొనాలో చెప్పను. అది మీకు అవసరమా, మీ ఇంట్లో బతుకుతుందా అన్నది వరసగా ఎలా తేల్చుకోవాలో చెప్తాను. నేను ఈ వరస తప్పి ఒకసారి ఎనభై వేల గిటార్‌కు పగులు తెచ్చుకున్నాను. ఆ కథ మూడో మెట్టులో వస్తుంది.

1. ముందు ఇంట్లో ఉన్న గిటార్‌ను బాగు చేయించండి

మీ దగ్గర ఇప్పుడు పది పన్నెండు వేల గిటార్ ఉంటుంది. దాని తీగలు ఎప్పుడు మార్చారు? గుర్తు లేకపోతే జవాబు దొరికినట్టే. తుప్పు పట్టిన తీగలతో ఏ గిటారైనా రేకు డబ్బాలాగే మోగుతుంది.

కొత్త తీగలు వేయించి సెటప్ చేయించండి. అంటే తీగల ఎత్తు తగ్గించడం, మెడ వంపు సరిచేయడం, నట్ (మెడ పైకొనన తీగలు ఆనే చిన్న బద్ద) గాట్లను సరైన లోతుకు అరగదీయడం. చవక గిటార్లు ఫ్యాక్టరీ నుంచి తీగలు ఎత్తుగా ఉండే వస్తాయి. వేళ్లు నొప్పెట్టి, "ఈ గిటార్ పనికిరాదు, పెద్దది కొనాలి" అనిపించేది సగం అందుకే. రెండు మూడు వేలలో అయిపోయే పని. చేయించి రెండు నెలలు వాయించండి. నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లకు కొత్త గిటార్ కోరిక ఈ మెట్టు దగ్గరే చల్లారిపోయింది.

2. నెల రోజులు లెక్క రాయండి

పాలవాడి లెక్కలాగా క్యాలెండర్ మీద రాసినా చాలు. ఈ రోజు ఎన్ని నిమిషాలు వాయించాను, ఎక్కడ వాయించాను. నిమిషాల కంటే "ఎక్కడ" అన్నదే ముఖ్యం.

నాది ఇలా తేలింది: రోజూ రాత్రి ఇంట్లో అరగంట, ఆదివారం చర్చిలో గంటన్నర. చర్చిలో గిటార్‌కు వైరు పెట్టి మిక్సర్‌లోకి, అక్కడి నుంచి పెద్ద స్పీకర్లలోకి పంపుతాం. పక్కన డ్రమ్స్, కీబోర్డ్, ముందు యాభై గొంతులు. అకూస్టిక్ గిటార్లలో తీగలు కట్టే చెక్కను బ్రిడ్జ్ అంటారు, దాని మీద తీగలు ఆనే సన్న బద్దను సాడిల్ అంటారు. సాడిల్ కింద ఉండే పికప్, అంటే శబ్దాన్ని వైరులోకి పంపే పరికరం, తీగల ఒత్తిడినే ఎక్కువగా పట్టుకుంటుంది. చెక్క పెట్టె గాలిలోకి వదిలే నాదం దానికి పెద్దగా అందదు. కాబట్టి మీ వాయింపులో ముప్పాతిక భాగం స్టేజీ మీదో, చర్చిలోనో, కాలేజీ ఫెస్ట్‌లోనో వైరు ద్వారా జరుగుతుంటే లక్షల గిటార్ వద్దు. ముప్పై నలభై వేల గిటార్, ఒక మంచి ప్రీయాంప్ (పికప్ శబ్దాన్ని పెంచి సరిచేసే పెట్టె) తీసుకోండి. మిగిలిన డబ్బుతో మా నాయన చెప్పిన పని చేయించుకోవచ్చు.

రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీద ఒంటరిగా, ఒక్కొక్క తీగ మీటుకుంటూ వాయించేవాళ్లయితే కింది మెట్లు చదవండి. పెద్ద గిటార్ పనికొచ్చేది అలాంటి చెవికే.

3. గిటార్ కంటే ముందు హైగ్రోమీటర్ కొనండి

గాలిలో తేమ ఎంత శాతం ఉందో చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఇది. ఐదారు వందలకు దొరుకుతుంది. గిటార్ పెట్టబోయే గదిలో పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసి రాసుకోండి. కుదిరితే ఫిబ్రవరి నుంచి మే దాకా.

మంచి గిటార్లు తయారయ్యే ఫ్యాక్టరీల్లో తేమను 45 నుంచి 55 శాతం మధ్య నిలిపి ఉంచుతారు. ఆ తేమకు అలవాటుపడిన చెక్కనే సన్నగా చెక్కి, అతికి, గిటార్ చేస్తారు. ఇంట్లోనూ దాదాపు అంతే ఉండాలని కంపెనీలే చెప్తాయి. మనది దేశంలోనే బాగా తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు మా హాల్లో మీటర్ 24 చూపించింది. పాడైందేమోనని ఇంకొకటి తెప్పించి పక్కన పెట్టాను. అది 23 చూపించింది.

తేమ తగ్గితే చెక్కకు ఏమవుతుందో తెలిస్తే మిగతాదంతా సులభం. చెక్క పొడవు దిక్కున పెద్దగా కుంచించుకుపోదు, అడ్డంగా కుంచించుకుపోతుంది. గిటార్ పైపలక రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందమే. దాని కింద అడ్డంగా బద్దీలు అతికి ఉంటాయి. పలక అడ్డంగా ముడుచుకోవాలని చూస్తుంది, బద్దీలు కదలనివ్వవు. ఆ పెనుగులాటలో ఎక్కడో ఒకచోట చీలుతుంది. దానికి తోడు ఆరు తీగలు కలిసి డెబ్బై కిలోలకు పైగా లాగుతుంటాయి. ఇరవై ఐదు కిలోల బియ్యం మూటలు మూడు వేలాడదీసినంత బరువు.

నేను బెంగళూరులో ఆగస్టులో సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి కొన్నాను. అంతా సాలిడ్, అంటే పొరలు అతికింది కాకుండా ఒకటే పలకగా ఉండే చెక్క. వానాకాలం, గాలి చల్లగా ఉంది, గిటార్ తేనెలాగా మోగింది. అనంతపురం తెచ్చి గోడకు స్టాండ్ కొట్టించి వేలాడదీశాను, వచ్చినవాళ్లు చూడాలి కదా. ఫిబ్రవరిలో మెడ అంచున చెయ్యి జారిస్తే ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) కొనలు గీసుకోవడం మొదలైంది. ఫ్రెట్లు పెరగలేదు, చెక్క ముడుచుకుంది. మార్చిలో తీగలు చిటపటలాడాయి. పైపలక కిందికి దిగి తీగల ఎత్తు తగ్గిపోయింది. ఈ రెండు సంకేతాలూ నాకు అప్పట్లో తెలియవు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం "టప్" మని చప్పుడు. బ్రిడ్జ్ నుంచి కింది అంచు దాకా వెంట్రుకంత గీత.

ఇంకో చిక్కు మన ఎయిర్ కూలర్. కూలర్ పెట్టిన గదిలో రాత్రి తేమ 70 దాకా ఎక్కుతుంది, పొద్దున ఆపేశాక మధ్యాహ్నానికి 30కి దిగుతుంది. పొడిగా ఉండటమే కాదు, ఈ ఎక్కడం దిగడం కూడా గిటార్‌ను తింటుంది. ఏసీ అయితే ఉన్న తేమను కూడా లాగేస్తుంది. వీణ ఉన్న ఇళ్లవాళ్లకు ఇదంతా కొత్త కాదు. మెట్లు నిలిపే మైనం ఎండాకాలంలో మెత్తబడి శ్రుతి జారుతుందని వీణను ఏ గదిలో పెట్టాలో వాళ్లు ముందే చూసుకుంటారు.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న: వాయించిన ప్రతిసారీ గిటార్‌ను హార్డ్ కేసులో పెట్టి మూస్తారా? కేసులో తేమ ప్యాకెట్లు పెట్టి, అవి ఎండి గట్టిపడగానే మారుస్తారా? ఈ ప్యాకెట్లు తేమ తక్కువైతే వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. కేసులో 45 నుంచి 50 మధ్య నిలుపుతాయి. మన వేసవిలో తొందరగా అయిపోతాయి కాబట్టి నాలుగైదు సెట్లకు డబ్బు పెట్టుకోండి. చవకగా కావాలంటే సోపు డబ్బాకు బెజ్జాలు కొట్టి, లోపల తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టొచ్చు. నీళ్లు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది, మన బోరు నీళ్లు ఉప్పు కట్టిస్తాయి.

ఈ పని మీ వల్ల కాదనిపిస్తే, నిజంగా చాలామంది వల్ల కాదు, ఇక్కడే ఆగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్లై (పొరలు అతికిన చెక్క) గిటార్ వాతావరణానికి అంతగా లొంగదు. మార్టిన్ తక్కువ ధర గిటార్లు కొన్నింటి పక్కలకు, వెనకకు వాడేది చెక్క కూడా కాదు, కాగితాన్ని రెజిన్‌తో కలిపి ఒత్తిన షీటు. మన వంటింటి సన్‌మైకా జాతిదే. పేరుకు చిన్నచూపు గానీ, అనంతపురం మే నెలకు దానంత నిబ్బరం ఇంకోదానికి లేదు.

4. చెక్క మాటలు అర్థం చేసుకోండి

కొట్లో మూడు మాటలు వినిపిస్తాయి. "స్ప్రూస్ టాప్" అంటే చాలాసార్లు పైన స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే ఒక చెట్టు) చెక్క పొర అతికిన ప్లై. "సాలిడ్ టాప్" అంటే పైపలక నిజమైన చెక్క, పక్కలు, వెనక ప్లై. "ఆల్ సాలిడ్" అంటే అన్నీ చెక్కే. లేబుల్ మీద సాలిడ్ అన్న మాట లేకపోతే ప్లై అనే అనుకోండి. అనుమానం ఉంటే సౌండ్ హోల్ అంచు చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే సాలిడ్. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై.

డబ్బుకు శబ్దం ఎక్కువగా పెరిగేది ప్లై నుంచి సాలిడ్ టాప్‌కు మారినప్పుడు. యమహాలో ప్లై పైపలక ఉన్న ఎఫ్310 నుంచి సాలిడ్ టాప్ ఉన్న ఎఫ్‌జీ800కు మారినవాళ్లను అడగండి, వెంటనే చెప్తారు. అక్కడి నుంచి ఆల్ సాలిడ్‌కు తేడా వినిపిస్తుంది, కానీ చెవి పెట్టి వినాలి. లక్షన్నర దాటాక డబ్బు చాలావరకు పనితనానికి, నగిషీకి, పేరుకు, అరుదైన చెక్కకు పోతుంది.

అరుదైన చెక్క అన్నాను కాబట్టి ఒక ముచ్చట. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకేలాంటివి, పక్కలకు, వెనకకు వాడిన చెక్క ఒక్కటే వేరు. బాగా ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి మామూలు చెక్క దాకా. 52 మంది గిటారిస్టులకు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించమన్నారు. అన్నింటికీ దాదాపు ఒకేలాంటి మార్కులు పడ్డాయి. ఏది ఏదో పోల్చుకోవడం కూడా చాలామంది వల్ల కాలేదు. కాబట్టి సేల్స్‌మన్ వెనక చెక్క గురించి కథ మొదలుపెడితే వినండి, బాగుంటుంది, కానీ దానికి యాభై వేలు అదనంగా ఇవ్వకండి. శబ్దాన్ని ఎక్కువగా తేల్చేది పైపలక, దాని కింది బద్దీల పనితనం.

అన్నట్టు, పెద్ద కంపెనీలన్నీ వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగే. మార్టిన్ పేరున్న మోడల్ డీ-28కి మొదట బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు, 1969 చివర్లో మన దేశపు చెక్కకు మారారు. ఇక్కడి నుంచి చెక్కగా వెళ్లింది గిటారై తిరిగొచ్చి మన చేత లక్షలు కట్టిస్తోంది. కడప స్నేహితుడొకడు మన ఎర్రచందనంతో ఎందుకు చేయరని అడుగుతుంటాడు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు దాన్ని వాడతారు. గిటార్ సంగతి అడిగితే మాత్రం, ముందు అడవి శాఖవాళ్లను అడగమని చెప్తాను.

5. పోయి వినండి, పక్కన ఒక మనిషిని పెట్టుకోండి

మన ఊళ్లో గిటార్ కొట్లున్నాయి గానీ లక్ష దాటిన గిటార్లు నాలుగు పక్కపక్కన పెట్టి వాయించాలంటే బెంగళూరు బండెక్కాల్సిందే. ఎటూ రెండు వందల కిలోమీటర్లే. ఆన్‌లైన్‌లో వీడియో చూసి కొనడమంటే ఎనుమును నీళ్లలో పెట్టి బేరం చేసినట్టే. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు కూడా ఒకలా మోగవు.

వెళ్లేటప్పుడు మీ పాత గిటార్ కూడా తీసుకెళ్లండి. కొంచెం నామోషీగా ఉంటుంది, ఫర్వాలేదు. కొట్టు గది, దాని గోడలు, అద్దాలు ఏ గిటార్‌నైనా గొప్పగా మోగిస్తాయి. మీ గిటార్ అక్కడ ఎలా మోగుతుందో తెలిస్తేనే కొత్తదానితో పోల్చగలరు.

వాయించాల్సింది మీరు ఇంట్లో రోజూ వాయించేదే. కొట్లో అందరూ చేతనైన గొప్ప పీస్ వాయించి చూపిస్తారు, అది గిటార్‌కు పరీక్ష కాదు. ముందు చాలా మెల్లగా మీటండి. మంచి గిటార్ మెల్లగా మీటినా నిండుగా పలుకుతుంది, చవకది గట్టిగా కొడితేనే నోరు విప్పుతుంది. నేను మొదట చూసేది ఇదే. తర్వాత గట్టిగా కొట్టండి, శబ్దం పగిలిపోతోందా చూడండి. ఒక్కో తీగను ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటుతూ పోతే ఎక్కడైనా స్వరం చచ్చిపోతుంటే బయటపడుతుంది. రాగం వాయించేవాళ్లయితే తీగను పక్కకు లాగి గమకం పలికించి, లాగిన చోట నాదం నిలుస్తోందా, తెగుతోందా వినండి.

ఇక అసలు పరీక్ష. మీరు గోడవైపు తిరిగి నిలబడండి. వెంట వచ్చిన మనిషిని, బావమరిదైనా సరే, నాలుగు గిటార్లు వరస మార్చి మార్చి ఒకటే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మీటేది) వాయించమనండి. మీ పాతది కూడా అందులో ఉండాలి. మార్కులు వేయండి, మూడు సార్లు. మూడుసార్లూ అదే గిటార్ మొదట వస్తే మీ చెవికి తేడా తెలుస్తోందన్నమాట. మొదటిసారి నేను రెండు లక్షల నలభై వేలదానికీ తొంభై వేలదానికీ మార్కులు తారుమారు చేశాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చాలా సంతోషంగా తిన్నాను.

6. ఒళ్లంతా తడిమి చూడండి

ఎద్దుల సంతలో పళ్లు చూసినట్టే. సెల్‌ఫోన్ టార్చి, చిన్న అద్దం, స్టీలు స్కేలు వెంట ఉండాలి.

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పై నుంచి తీగ దాకా ఎత్తు కొలవండి. లావు తీగకు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర, సన్న తీగకు రెండు లోపు ఉంటే హాయి. అదే చోట తీగను తాకీ తాకనట్టు మీటిన స్వరం, నొక్కి మీటిన స్వరం ట్యూనర్‌లో ఒకటేనా చూడండి. తేడా ఉంటే పై ఫ్రెట్లలో శ్రుతి కుదరదు. మొదటి ఫ్రెట్ ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ ఇంకో చేత్తో నొక్కి పట్టుకుంటే ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి.

పాత గిటార్ అయితే ఇంకొకటి తప్పక చూడాలి. పొడవాటి స్కేలును ఫ్రెట్ల మీద నిలబెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. కొన బ్రిడ్జ్ చెక్క పైభాగాన్ని తాకాలి. బ్రిడ్జ్‌ను పక్క నుంచి ఢీకొంటే మెడ కోణం పోయిందన్నమాట. మెడ ఊడదీసి మళ్లీ అతకాలి, బిల్లు చూస్తే గుండె జారుతుంది. లోపల టార్చి వేసి బద్దీలు ఊడాయా, బ్రిడ్జ్ వెనక అంచు లేచిందా చూడండి. ఫ్రెట్ కొనలు గుచ్చుకుంటుంటే ఆ గిటార్ ఇదివరకే ఎండకు మాడిందని అర్థం.

7. అసలు లెక్క వేయండి

గిటార్ ధరకు హార్డ్ కేసు, తేమ ప్యాకెట్లు, ఏడాదికి మూడు నాలుగు సార్లు తీగలు, ఒక సెటప్, బెంగళూరు రానుపోను ఖర్చులు కలపండి. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అవుతుంది. నేనైతే ధరలో పది శాతం పక్కన పెట్టుకోమంటాను. అది కూడా పోగా మిగిలితేనే కొనండి. ఈఎంఐ మీద మాత్రం కొనకండి. పగులు పడ్డ గిటార్‌కు ఇంకా వాయిదాలు కట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వారంటీ కాగితం పూర్తిగా చదవండి. పెద్ద కంపెనీల జీవితకాల వారంటీ మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది. తేమ ఎక్కువై గానీ తక్కువై గానీ వచ్చిన పగుళ్లకు వర్తించదు. అంటే అనంతపురంలో వచ్చే జబ్బుకే మందు లేదు.

అమెరికాలో ఉన్న పిన్ని కొడుకు తెస్తానంటే అక్కడి ధర చూసి ఎగిరి గంతేయకండి. పరిమితి దాటిన విలువకు విమానాశ్రయంలో సుంకం కట్టాలి. పాత బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటార్ అయితే అంతర్జాతీయ అనుమతి కాగితాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు, 1992 నుంచి ఆ చెక్క మీద గట్టి ఆంక్ష ఉంది. ఇండియన్ రోజ్‌వుడ్‌తో తయారైన వాద్యాలకు 2019 చివరి నుంచి ఆ తలనొప్పి లేదు.

8. కొనకుండా తిరిగి రండి

మొదటిసారి వెళ్లినప్పుడు పర్సు తీయకండి. "ఈ ఒక్క రోజే ఆఫర్" అన్నా సరే. రెండు వారాలు ఇంట్లో మీ పాత గిటార్ వాయించండి. ఆ కొట్లో విన్న శబ్దం రోజూ చెవిలో మెదులుతుంటే, క్యాలెండర్ మీద నిమిషాలు తగ్గకుండా ఉంటే, మీ మీటర్ లెక్కకు మీ దగ్గర ఉపాయం ఉంటే, వెళ్లి తెచ్చుకోండి. నేను రెండోసారి వెళ్లి తెచ్చుకున్నది ఆ తొంభై వేలదాన్నే. నాయన ధర అడిగాడు. సగం బోరు అని చెప్పాను.

తెచ్చేటప్పుడు బండి ఏసీలో, మనుషుల సీట్లో పెట్టి తేవాలి. పెనుకొండ దగ్గర టిఫిన్‌కు ఆగి గిటార్‌ను డిక్కీలో వదిలేస్తే, ఆ వేడికి లోపలి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది. ఇంటికి వచ్చాక కేసు వెంటనే తెరవకండి, నాలుగైదు గంటలు గదిలో అలాగే ఉండనివ్వండి. ఆ రాత్రికి ఆ గదిలో కూలర్ ఆపేయండి.